లెక్కల్లో వెనకబడిన అమ్మాయికి విడిగా ట్యూషన్: ఎవరిని, ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: కావలి నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర ఒక పల్లె. మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు మీడియంలో తొమ్మిదో తరగతి పూర్తిచేసి, ఈ జూన్‌లో పదో తరగతికి వస్తోంది. తెలుగు, సాంఘికశాస్త్రం, జీవశాస్త్రం గురించి మాకు బెంగ లేదు. లెక్కల్లో మాత్రం ఏ పరీక్ష చూసినా పాసు మార్కుల చుట్టూనే తిరుగుతోంది. ఏడో తరగతి వరకు బాగానే చేసేది. ఎనిమిదిలో బీజగణితం బరువు పెరిగినప్పటి నుంచి జారిపోయిందని నాకు అనిపిస్తుంది.

ఏడాదిగా ఊళ్లోనే ఒక ట్యూషన్‌కు పంపుతున్నాము. అక్కడ ముప్ఫై మంది పిల్లలు కూర్చుంటారు, మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తారు, పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటారు. మా అమ్మాయి నోట్సు తెరిచి చూస్తే ముత్యాల్లాంటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా, ప్రతి లెక్కా సరిగ్గా ఉంటుంది. అదే లెక్కను అంకెలు మార్చి ఇస్తే పెన్ను కదలదు. అర్థం కాలేదని మాస్టారిని అడగవచ్చు కదా అంటే, అందరిలో లేచి అడిగితే నవ్వుతారని తల వంచుకుంటుంది.

ఆమె నాన్నగారు రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తారు కాబట్టి రాత్రిళ్లు ఇంట్లో ఉండరు. నేను ఇంటర్‌లో సీఈసీ చదివిన దాన్ని, పదో తరగతి లెక్కలు నా వల్ల కావు. అందువల్ల ఒక్కదానికే విడిగా చెప్పే వారిని పెట్టించాలని అనుకుంటున్నాము. నిజంగా దానివల్ల ప్రయోజనం ఉంటుందా? బడిలో లెక్కలు చెప్పే మాస్టారు చాలా మంచివారు, ఆయననే సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పమని అడగవచ్చా? చెప్పేవారు సరైనవారో కాదో లెక్కలు రాని నాలాంటి తల్లికి ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: ఒంగోలు నుంచి, విశ్రాంత స్కూల్ అసిస్టెంట్ (గణితం)

అమ్మా, నోట్సులో ఒక్క కొట్టివేత కూడా లేదని మీరు రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. సొంతంగా ఆలోచించి లెక్క చేసే పిల్లల నోట్సులో కొట్టివేతలు ఉండి తీరుతాయి. అవి లేవంటే, ఆ ఏడాది అంతా మీ అమ్మాయి లెక్కలు చూసి రాసిందే తప్ప చేయలేదని అర్థం. ఇందులో ఆమె తప్పు లేదు. ముప్ఫై మందిని ఒక గంటలో చూసుకోవలసిన మనిషికి ప్రతి పిల్లా ఎక్కడ ఆగిందో చూసే తీరిక ఉండదు.

విడిగా చెప్పించడం వల్ల ప్రయోజనం ఉందా అంటే ఉంది, కానీ ఎలా చెబుతారన్న దాని మీదే అది పూర్తిగా ఆధారపడి ఉంటుంది. బోర్డు మీద ముప్ఫై మందికి చేసి చూపించే లెక్కనే, ఇంటికి వచ్చి ఒక్క పిల్లకు నోట్సులో చేసి చూపిస్తే మీకు ఫీజు పెరుగుతుంది గానీ పిల్ల పరిస్థితి మారదు. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో రాసిన ఒక వ్యాసంలో, ఒక్కొక్కరికి విడిగా చెప్పించినప్పుడు సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలో చదివిన వారిలో నూటికి తొంభై ఎనిమిది మందిని మించిపోయాడని తేల్చారు. తర్వాతి పరిశోధనల్లో అంత పెద్ద తేడా కనిపించలేదనుకోండి. ఆ వ్యాసాన్ని ఉదహరించే ట్యూషన్ ప్రకటనలు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. బ్లూమ్ చూసిన ఆ పిల్లలకు ఒక పాఠం పట్టుబడిందని పరీక్షించి నిర్ధారించుకున్న తర్వాతే తర్వాతి పాఠం చెప్పారు, పట్టుబడకపోతే తప్పులు సరిదిద్ది మళ్లీ పరీక్షించారు. మన దగ్గర విడిగా చెప్పేవారు సైతం సిలబస్ వెంట పరుగెత్తడంలో ఈ సగాన్ని వదిలేస్తున్నారు.

మీ అమ్మాయికి అడ్డుపడుతున్నది పదో తరగతి పాఠం కాకపోవచ్చు. నా సర్వీసులో పదో తరగతిలో తప్పిన పిల్లల జవాబుపత్రాలు తిరగేసినప్పుడల్లా ఆరు, ఏడు తరగతుల తప్పులే కనిపించేవి. ఒక చిన్న లెక్క ఇస్తాను, మీ అమ్మాయి చేత చేయించండి: 12 − (5 − 8). బ్రాకెట్ తీసేసి 12 − 5 − 8 అని రాసి, −1 అని జవాబు చెప్పే పిల్లలు పదో తరగతిలో ఎందరో ఉంటారు. అప్పుడు తప్పు అని అనకుండా, బ్రాకెట్ లోపలిది ముందు చేసి చూడమనండి. 5 లోంచి 8 పోతే −3, 12 లోంచి −3 తీసివేస్తే 15 వస్తుంది. ఒకే లెక్కకు రెండు జవాబులు ఎలా వచ్చాయన్న అనుమానం పిల్లకు తనంతట తానే కలగాలి. ఆ అనుమానం కలిగిన నిమిషంలో పక్కన కూర్చుని, ఆమె చేత మాట్లాడించి, మైనస్ గుర్తు బ్రాకెట్ లోపల ఉన్న ప్రతి పదానికీ వర్తిస్తుందన్న సంగతి ఆమె నోటితోనే చెప్పించగలిగిన మనిషే మీకు కావలసిన మనిషి.

ఇంత చిన్న తప్పు అంత పెద్ద నష్టం చేస్తుందా అని మీరు అనుకోవచ్చు. అంకశ్రేఢుల (ఒకే తేడాతో సాగే సంఖ్యల వరుసల) పాఠంలో 10, 7, 4 అని సాగే శ్రేఢిలో ఇరవయ్యో పదం కనుక్కోమంటారు. 10 + 19 × (−3) అని సూత్రం ప్రకారం రాసిన పిల్ల కూడా 10, 19 ముందు కూడి, 29 ని −3 తో హెచ్చించి −87 అంటుంది, జవాబేమో −47. వర్గ సమీకరణాల్లో గుర్తు తప్పు ఇంకా దొంగతనంగా వస్తుంది. గుణకాలు 2, 5, −3 అయినప్పుడు విచక్షణి (మూలాల సూత్రంలో వర్గమూలం కింద వచ్చే b² − 4ac) 25 + 24, అంటే 49. గుర్తు తప్పిన పిల్ల 25 − 24 చేసి 1 అంటుంది. 49కి వర్గమూలం పూర్ణసంఖ్యగా వచ్చినట్లే 1కీ వస్తుంది కనుక, పిల్లకు ఏ అనుమానమూ రాకుండా లెక్క చివరిదాకా సాఫీగా నడిచి తప్పు మూలాలతో ముగుస్తుంది. ఇలాంటి పిల్లకు సూత్రం ఎన్నిసార్లు బట్టీ పట్టించినా ఉపయోగం లేదు.

ఇక బడి మాస్టారి సంగతి. ఆయనను ఇంటికి పిలిచి ట్యూషన్ చెప్పమని అడగకండి. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 28వ సెక్షన్ ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని నిషేధించింది. మీరు అడిగితే మొహమాటానికి ఆయన ఇబ్బందిలో పడతారు. అయితే బడిలోనే ఆయనను కలిసి, మా అమ్మాయి ఏ రకం తప్పులు చేస్తోందని అడగడానికి మీకు పూర్తి హక్కు ఉంది. పరీక్ష జవాబుపత్రం తీసి ఒక్క పది నిమిషాలు మీతో మాట్లాడితే, కొత్తగా చెప్పబోయే వారికి నెల రోజుల వెతుకులాట తప్పుతుంది.

లెక్కలు రాని తల్లికి ఎలా తెలుస్తుందని అడిగారు. లెక్క అర్థం కాకపోయినా పెన్ను ఎవరి చేతిలో ఉందో కనిపిస్తుంది కదా. గంటలో ముప్పావు గంట పెన్ను మీ అమ్మాయి చేతిలో ఉంటే సరైన మనిషి దొరికినట్లే. మాస్టారి చేతిలోనే ఉంటే, ఆయన ఎంత పండితుడైనా మీ అమ్మాయికి పనికిరారు.

జవాబు: పొదిలి నుంచి ఒక తండ్రి

మాస్టారు చెప్పినవన్నీ నిజమే. అయితే ఒక్కదానికే ప్రత్యేకంగా పెట్టించాలన్న పట్టుదల అవసరం లేదని నా అభిప్రాయం. మా అబ్బాయికి మొదట ఒక్కడికే పెట్టించాము. ఎదురుగా ఒక పెద్దమనిషి గంటసేపు తన నోట్సులోకే చూస్తూ కూర్చుంటే వాడికి చెమటలు పట్టేవి. ఆ చెప్పే ఆయన కూడా కొంత అందుకు తగ్గవారే అనుకోండి, తప్పు చేసిన ప్రతిసారీ "ఇది ఆరో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు" అనేవారు. మూడో వారానికి వాడు ట్యూషన్ వేళకు కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు.

తర్వాత మా వీధిలోనే అదే తరగతి చదివే ఇంకొక అబ్బాయిని కలిపి, ఇద్దరికీ ఇంకొకరి దగ్గర చెప్పించాము. ఒకడు చేసిన లెక్కను ఇంకొకడు దిద్దాలని ఆయన నియమం పెట్టారు. ఎదుటివాడి తప్పు పట్టుకోవాలంటే తనకు లెక్క తెలియాలి కదా, ఆ పౌరుషంతో ఇద్దరూ చదివారు. ఖర్చు కూడా సగానికి తగ్గింది. కనుక మీ అమ్మాయికి ఒక స్నేహితురాలు ఉంటే, ఆమె స్థాయి కూడా దాదాపు ఇదే అయితే, ఇద్దరినీ కలిపి చూడండి. మరీ తెలివైన అమ్మాయిని మాత్రం కలపవద్దు, ఆమె జవాబు చెప్పేస్తే మీ అమ్మాయి మళ్లీ రాసుకోవడంలోకి దిగిపోతుంది.

ఇంకొక మాట. మా ప్రాంతంలో తల్లిదండ్రులందరికీ ట్రిపుల్ ఐటీ మీద ఆశ ఉంటుంది, ఒంగోలు క్యాంపస్ దగ్గరే ఉంది కాబట్టి అది సహజం. అక్కడ ఆరేళ్ల కోర్సులో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. ఆ ఆశను చెప్పేవారి ముందు, పిల్ల ముందు మొదటి రోజే పెట్టకండి. పెడితే ఆయన వెనక్కి వెళ్లి భిన్నాలు, గుర్తులు చెప్పడానికి జంకి, మార్కులు వచ్చే ప్రశ్నలు ఏరి బట్టీ పట్టిస్తారు.

జవాబు: నెల్లూరు నుంచి, ఇళ్లకు వెళ్లి లెక్కలు చెప్పే అమ్మాయి

నేను బీఎస్సీ గణితం, బీఈడీ చేసి, డీఎస్సీకి చదువుకుంటూ ఉన్నత పాఠశాల పిల్లలకు ఇళ్లకు వెళ్లి చెబుతున్నాను. నెల్లూరులోనూ ఒంగోలులోనూ నాలాంటివారు చాలామంది ఉన్నారు. కావలిలోనూ దొరుకుతారు, విచారించండి. ఆడపిల్ల కనుక అమ్మాయిలు ఎవరైనా దొరికితే మీకూ నిశ్చింతగా ఉంటుంది. ఎవరు వచ్చినా పాఠం ముందు గదిలోనో వరండాలోనో, తలుపు తెరిచి, మీరు ఇంట్లో ఉన్నప్పుడే జరగాలని మొదటే చెప్పండి. మంచివారు ఎవరూ దీనికి నొచ్చుకోరు.

మాస్టారు పెన్ను గురించి చెప్పారు, నేను మాట గురించి చెబుతాను. పిల్ల లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు చెప్పేవారు చేసే పనుల్లో అన్నిటికన్నా కష్టమైనది నోరు మూసుకుని ఉండటం. ఐదు సెకన్లకే ఆత్రం పుడుతుంది, తర్వాతి మెట్టు చెప్పేయాలనిపిస్తుంది. చెప్పేస్తే ఆ మెట్టు నాది అవుతుంది, పిల్లది కాదు. నేను ఆగి, "ఇక్కడిదాకా ఏం చేశావో నాకు చెప్పు" అంటాను. చెబుతూ చెబుతూ సగం మంది తమ తప్పును తామే పట్టుకుంటారు. అలాగే "ఇది చాలా సులువు" అనే మాటను నేను పూర్తిగా మానేశాను. ధైర్యం చెబుతున్నామనుకుని మనం ఆ మాట అంటాము. సులువైనది కూడా తనకు రాలేదన్న మాటగా పిల్లకు అది వినిపిస్తుంది. ఇంకొకటి, లెక్క తప్పినప్పుడే కాకుండా సరిగ్గా వచ్చినప్పుడు కూడా "ఎందుకు?" అని అడుగుతాను. తప్పినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు రబ్బరు తీసుకుని జవాబు చెరిపేస్తారు.

మీ అమ్మాయిలాంటి పిల్లలకు మాటల్లో ఇచ్చిన లెక్కల దగ్గర ప్రత్యేకమైన ఇబ్బంది ఉంటుంది. ఇంగ్లీషు మీడియం కనుక సగం కష్టం భాషలోనే ఉంటుంది. ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఇస్తారు కాబట్టి, లెక్కను ముందు తెలుగులో చదివించి, పుస్తకం మూయించి, సొంత మాటల్లో చెప్పమంటాను. పొలం పొడవు వెడల్పు కంటే 5 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 84 చదరపు మీటర్లు, కొలతలు ఎంత అని ఇస్తే, సమీకరణం జోలికి వెళ్లకుండా ముందు పొలం బొమ్మ గీయమంటాను. తర్వాత వెడల్పు 10 అనుకో, వైశాల్యం ఎంత వస్తుంది అంటాను. 10, 15 హెచ్చిస్తే 150, మరీ ఎక్కువ. 6 అనుకుంటే 66, తక్కువ. 7 దగ్గర 84 సరిపోతుంది. ఇలా అంకెలతో నాలుగుసార్లు చేసిన పిల్ల, ఆ అంకె ఉన్న చోట తెలియని రాశిని పెట్టడమే సమీకరణమని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తుంది. తర్వాత సమీకరణం సాధిస్తే 7తో పాటు −12 కూడా వస్తుంది. దాన్ని ఎందుకు వదిలేయాలని అడిగితే "పొలానికి మైనస్ వెడల్పు ఉండదు మిస్" అని నవ్విన పిల్లకు ఆ పాఠం ఇక మరిచిపోవడం ఉండదు.

త్రికోణమితికి కూడా ఇంటి బయటికి తీసుకువెళ్లడం మంచిది. కోణమానినికి దారం కట్టి చిన్న రాయి వేలాడదీస్తే ఊర్ధ్వకోణం, అంటే తల ఎత్తి చూసేటప్పుడు చూపు అడ్డగీత నుంచి ఎంత పైకి లేస్తుందో ఆ కోణం, కొలవవచ్చు. ఊళ్లో ఉన్న నీళ్ల ట్యాంకు పైఅంచు 45 డిగ్రీల్లో కనిపించే చోటుదాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి ట్యాంకు అడుగుకు దూరం కొలిస్తే, అది 20 మీటర్లు అనుకుందాం, ట్యాంకు ఎత్తు కూడా 20 మీటర్లే అని పిల్లలు గట్టిగా చెబుతారు. "కోణం నీ కంటి దగ్గర కొలిచావా, నేల దగ్గరా?" అని అడిగితే కాసేపటికి కంటి ఎత్తును కలుపుతారు. ఒకసారి ఇలా ఎండలో నిలబడి కలిపిన పిల్ల, పరీక్షలో పరిశీలకుని ఎత్తు ఇచ్చిన లెక్కలో దాన్ని వదిలేయడం నేను చూడలేదు.

పొదిలి నుంచి రాసిన వారు చెప్పినట్లు ఇద్దరిని కలపడం మంచిదే. అయితే అందరిలో అడగడానికి సిగ్గుపడే పిల్ల కనుక, మొదటి కొన్ని వారాలు ఒక్కదానికే చెప్పించి, నోరు విప్పడం అలవాటైన తర్వాత ఇంకొకరిని కలపమని నా సలహా. రావడానికి ఎవరూ దొరకకపోతే ఫోన్‌లోనూ చెప్పించవచ్చు, కానీ కెమెరా ముఖానికి బదులు నోట్సు మీదికి ఉండేలా ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద పెట్టండి. పిల్ల రాస్తున్న ప్రతి వరుసా చెప్పేవారికి కనపడకపోతే అది మళ్లీ బోర్డు పాఠమే అవుతుంది.

ప్రశ్న అడిగిన తల్లి

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. మాస్టారు ఇచ్చిన లెక్క రాత్రి చేయించాను. మీరు చెప్పినట్లే −1 వచ్చింది. బ్రాకెట్ ముందు చేయమంటే 15 వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "అయితే ఇన్నాళ్లూ ట్యూషన్‌లో రాసుకున్నప్పుడు ఇక్కడ గుర్తు ఎందుకు మారుతోందో నాకు తెలియలేదమ్మా, మాస్టారు మార్చారు కదా అని నేనూ మార్చాను" అంది. ముప్ఫై మంది ట్యూషన్ మానిపిస్తున్నాము. మా బంధువుల ద్వారా కావలిలోనే బీఈడీ చేసిన ఒక అమ్మాయి దొరికేలా ఉంది.

నా భయం ఒక్కటే. ఆరు, ఏడు తరగతుల పాఠాలకు వెనక్కి వెళితే పదో తరగతి సిలబస్‌కు సమయం చాలుతుందా? మార్చిలో పరీక్షలు కదా.

జవాబు: ఒంగోలు నుంచి, విశ్రాంత స్కూల్ అసిస్టెంట్ (గణితం)

చాలుతుందమ్మా. వెనక్కి వెళ్లడమంటే ఆ తరగతుల పుస్తకాలు మొదటి నుంచి చివరిదాకా చెప్పించడం కాదు. పూర్ణసంఖ్యల గుర్తులు, భిన్నాలు, బ్రాకెట్లు విప్పడం, సమీకరణంలో ఒక పక్కది ఇంకొక పక్కకు తేవడం, కారణాంకాలు: పదో తరగతికి అవసరమైన పునాది దాదాపు ఇంతే. వేసవి సెలవులు ఉన్నాయి. జూన్ వచ్చాక కూడా ప్రతి కొత్త పాఠానికి ముందు దానికి కావలసిన పాత సంగతిని మాత్రం చూసుకుంటూ వెళితే బడి వేగానికి వెనకబడరు. వాస్తవ సంఖ్యలకు ముందు కారణాంకాలు, గ.సా.భా., క.సా.గు., త్రిభుజాలకు ముందు నిష్పత్తి, త్రికోణమితికి ముందు భిన్నాలు, వర్గమూలాలు చూసుకుంటే చాలు.

పరీక్ష సంగతి కూడా చెబుతాను. ఇటీవలి ప్రశ్నపత్రాల్లో లెక్కలకు వంద మార్కులు, పాసుకు 35 కావాలి. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5 ప్రశ్నలు ఇస్తున్నారు. చదువుకోవడానికి ఇచ్చే పావుగంటతో కలిపి సమయం మూడుంపావు గంటలు. ఎనిమిది మార్కుల ప్రశ్నలే నలభై మార్కులు కనుక భయం వేస్తుంది గానీ, వాటిలో ప్రతిదానికీ ఇచ్చిన రెండింటిలో ఒకటి ఎంచుకునే వీలుంది, మూల్యాంకనంలో సోపానాలకు మార్కులు ఉంటాయి. చివరి జవాబు తప్పినా దారి సరిగ్గా ఉంటే మార్కులన్నీ పోవు. అందుకే ఆ అమ్మాయిని, పెన్సిల్‌తో పక్కన లెక్కవేసుకుని జవాబు మాత్రం రాసే అలవాటు మాన్పించి, ప్రతి సోపానాన్నీ విడి వరుసలో రాయించమనండి.

దసరా వరకు మార్కుల గురించి ఆమెను అడగకండి, కొత్తగా చెప్పే అమ్మాయినీ అడగకండి. ఆ తర్వాత వారానికి ఒక పాత ప్రశ్నపత్రాన్ని గడియారం ముందు పెట్టుకుని పూర్తిగా రాయించడం మొదలుపెట్టాలి. రాసిన పత్రాన్ని చెప్పే అమ్మాయి దిద్దే ముందు మీ అమ్మాయి చేతే ఒకసారి దిద్దించాలి, తప్పులను వేరే నోట్సులో తేదీతో రాయించాలి. ఆ నోట్సులో అదే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే ఆ పాఠం దగ్గర ఇంకొంచెం ఆగాలి. అది చూడటానికి లెక్కలు రానవసరం లేదు, నెలకొకసారి ఆ నోట్సు మీరే తిరగేయండి.